సెంటీమీటరుకు నాలుగు అంగలు

ఆ సోమవారం పొద్దున టెంపరరీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా ఆఫీసు చేరాలి, పదకొండు లోపల పటం పూర్తిచేసి పైవాళ్ళకు పంపాలి, సాయంత్రం వచ్చేటప్పుడు బాగుచేయడానికిచ్చిన భార్య చెప్పులు తెచ్చెయ్యాలి. అంతకు మించి ప్రపంచాన్ని ఉద్ధరించే ఉద్దేశాలేవీ అతనికి లేవు. చెప్పొద్దూ, ఆ మూడూ అనుకున్నట్టే జరిగాయి, గొడవంతా ఆ పటం వెళ్ళాకే మొదలైంది.

టెంపరరీ అన్నది అతని పేరు కాదు, అతని ఉద్యోగం. తూనికలు కొలతల కార్యాలయంలో ఆరేళ్ళుగా తాత్కాలిక గుమాస్తా. చేరిన కొత్తలో అందరూ పేరు పెట్టే పిలిచేవారు. తర్వాత "ఆ టెంపరరీ ఆయన" అన్నారు, ఆ తర్వాత "టెంపరరీ గారూ" అన్నారు. ఇప్పుడు ఇంటికి ఫోను చేసినవాళ్ళు కూడా "టెంపరరీ గారున్నారా?" అనే అడుగుతున్నారు. అతనికంటూ ఒక కుర్చీ లేదు. ఎవరు సెలవు పెడితే ఆ రోజు వాళ్ళ కుర్చీ లాక్కొచ్చుకుని, కిటికీ పక్కన ఎవరికీ అక్కర్లేని పాత కంప్యూటరు ముందు వేసుకుంటాడు. ఎవరూ సెలవు పెట్టని రోజున కిటికీ గట్టే గతి. మామగారు నలుగురికీ పరిచయం చేసేటప్పుడు "మా అల్లుడు..." అని ఒక్క క్షణం ఆగి, "ప్రస్తుతానికి ఆఫీసులో చేస్తున్నాడు" అంటారు. ఆ ఆగడం అతనికి ముల్లులా గుచ్చుకుంటుంది.

అలాంటివాణ్ణి కిందటి వారం డైరెక్టరుగారు స్వయంగా తన గదిలోకి పిలిపించారు.

"వచ్చే శుక్రవారం పదకొండింటికి అగ్నిమాపక శాఖ ఇన్‌స్పెక్టరు వస్తాడయ్యా. ఆఫీసుకు నిప్పంటుకుంటే మనవాళ్ళు ఎలా బయటపడతారో చూస్తాడట. ఉత్తుత్తి సైరనే అనుకో. కానీ ఆరు నిమిషాల్లో అందరూ గేటు దగ్గర ఉండాలి. దారి చూపించే పటం నువ్వు వెయ్యి."

"అలాగే సార్."

"అది సవ్యంగా జరిగితే నిన్ను పర్మనెంటు చేస్తూ నీ ఫైలు మీద సంతకం పెడతాను. జరక్కపోతే..." అని డైరెక్టరుగారు ఆగిపోయారు. ఆ ఫైలు వారి బల్ల మీద టీ కప్పు కింద ఉంది. టెంపరరీ ఆ కప్పు వంకే చూశాడు.

ఇక్కడ ఆ ఆఫీసు ఆచారం ఒకటి చెప్పుకోవాలి. అక్కడి కంప్యూటర్లలో ఉత్తరాలతోపాటు బొమ్మలు వెళ్ళవు. మూడేళ్ళ కిందట సూపరింటెండెంటుగారు తన మనవడి నూటనలభై ఫొటోలు ఒకేసారి అందరికీ పంపితే, యంత్రాలన్నీ రెండు రోజులు మూర్ఛపోయాయి. అప్పటినుంచి అక్షరాలు తప్ప మరేదీ పంపకూడదని ఆంక్ష పెట్టారు. మనుషులు ఊరుకుంటారా? అక్షరాలతోనే బొమ్మలు కట్టడం మొదలుపెట్టారు. బ్రాకెట్లతో పిల్లి, సున్నాలతో ద్రాక్షగుత్తి, కామాలతో వాన. ఈ విద్యలో టెంపరరీని మించినవాడు లేడు. ఒకసారి డైరెక్టరుగారి మొహం మొత్తం చుక్కలతో కట్టి, మీసానికి కూడిక గుర్తులు వాడితే, ఆయన దాన్ని అచ్చువేయించుకుని ఇంటికి పట్టుకెళ్ళారు.

పటం కూడా అలాగే కట్టాడు. గోడలకు గీతలు, నడవాల్సిన దారికి చుక్కలు, తిరగాల్సిన చోట బాణం గుర్తు, హాలు గుమ్మం దగ్గర నక్షత్రం. భవనం అసలు ప్లాను బీరువాలోంచి తీయించి, పక్కన పెట్టుకుని మరీ కట్టాడు. హాల్లోంచి నడవాలోకి వచ్చి, ఎడమవైపు తిరిగి, నేరుగా ఇరవై అంగలు వేసి, కుడివైపు సందులోకి మళ్ళితే ఎదురుగా వెనక తలుపు. ప్లానులో దానికి "అత్యవసర ద్వారం" అని రాసి కూడా ఉంది. కొలతల ఆఫీసు కదా, కొలత లేని పటాన్ని ఎవరూ పటమనరు. అందుకని అడుగున "ఒక సెంటీమీటరుకు నాలుగు అంగలు" అని రాశాడు.

అది అతని తెర మీద ముత్యాల్లా కుదిరింది. ఎందుకు కుదిరిందో అతనికి తెలియదు, మనకు తెలిస్తే మంచిది. ఆ పాత కంప్యూటర్లో ఉన్నది ఒకటే ఫాంటు, పూర్వపు టైపుమిషను అక్షరాల లాంటిది. అందులో చుక్కకైనా, నక్షత్రానికైనా, ఖాళీకైనా ఒకటే వెడల్పు. అందువల్ల పై వరుసలో పదో గుర్తు కింద, కింది వరుసలో పదో గుర్తు బుద్ధిగా నిలబడుతుంది. తక్కిన ఫాంట్లలో అలా కాదు. చుక్క సన్నం, నక్షత్రం లావు, ఖాళీ అయితే మరీ బక్కది. వేరే ఫాంటులో పిల్లి మూతి కాస్త వంకరపోయినా అది పిల్లే. పటం సంగతి అలా కాదు.

పదకొండింటికి పటం సూపరింటెండెంటుగారికి చేరింది. ఆయన దాన్ని తెరిచి మొహం చిట్లించారు.

"ఏంటయ్యా ఈ అక్షరాలు? కరెంటు బిల్లులా ఉన్నాయి. బయటివాడు చూసేది, కాస్త అందంగా ఉండొద్దూ?"

"అంగ అని రాశాను సార్, అది ఫరవాలేదా?"

"అదే అడుగుదామనుకుంటున్నా. ఎవరి అంగ? పొడుగువాళ్ళదా, పొట్టివాళ్ళదా?"

"ఎవరిది వాళ్ళదే సార్."

"సరే, ఏడువు" అని సూపరింటెండెంటుగారు పటమంతటినీ ఒక్కసారిగా సన్నటి, వయ్యారంగా పక్కకు వాలిన ఫాంటులోకి మార్చేశారు. పైనున్న శీర్షిక చూసుకున్నారు. బ్రహ్మాండంగా ఉంది. కిందికి చూసేలోగా ఫోను మోగింది. ఒక చేత్తో ఫోనెత్తి, రెండో చేత్తో పటాన్ని మూడు విభాగాలకూ పంపేసి చేతులు దులుపుకున్నారు. దాంతోపాటు డైరెక్టరుగారి సర్క్యులరు కూడా వెళ్ళింది. సైరను మోగాక ప్రతివారూ తమ విభాగంలో అతికించిన పటం ప్రకారమే నడవాలి, సొంత తెలివి ఉపయోగించినవారికి మెమో ఇవ్వబడును.

మంగళవారం పొద్దున టెంపరరీ ఇంకా కుర్చీ వెతుక్కుంటూ ఉండగానే ఫిర్యాదుల విభాగం పెద్ద, అందరూ మేడమ్‌గారు అనే ఆవిడ, చెక్క అడ్డుగోడ మీదుగా తల పైకెత్తారు.

"ఏమయ్యా టెంపరరీ, మా గోడ ఏమైంది?"

"ఏ గోడ మేడమ్?"

"పటంలో గోడ. సగం ఇటుంది, సగం అటుంది. చుక్కలేమో గోడలోంచి పోతున్నాయి. నేనిప్పుడు గోడలోంచి నడవాలా?"

అతను పరుగున వెళ్ళి ఆవిడ తెర చూశాడు. నిజమే, గోడ కూలింది. ఆ విభాగంలో ఏ ఉత్తరం వచ్చినా లావుపాటి, వెడల్పాటి అక్షరాల్లోనే తెరుచుకుంటుంది. మేడమ్‌గారే అలా పెట్టించుకున్నారు, పెట్టించుకుని ఆ సంగతి ఏనాడో మరిచిపోయారు. టెంపరరీ వెనక్కి పరిగెత్తి తన తెర చూశాడు. గోడ నిక్షేపంగా ఉంది. మళ్ళీ అటు వెళ్ళాడు, కూలింది. ఇటు వచ్చాడు, నిలబడింది. ఇలా నాలుగు సార్లు తిరిగేసరికి అతనికి చెమటలు పట్టాయి.

"దారిలో ఎక్కడో దెబ్బ తగులుతున్నట్టుంది మేడమ్" అన్నాడు చివరికి.

"దారేముంది? మధ్యలో ఉన్నది చెక్క" అని మేడమ్‌గారు తానే లేచొచ్చి అతని తెర ఎగాదిగా చూశారు. చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకున్నారు. "నీ దాంట్లో బాగుంది. నా దాంట్లో కూలింది. అంటే నాకు కావాలనే కూలిన గోడ పంపావన్నమాట."

"అయ్యో, నేనెందుకు పంపుతాను మేడమ్?"

"అదే నేనూ అడుగుతున్నా" అని ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్ళి, తానే ఒక ఫిర్యాదు రాసి, ఫిర్యాదుల అధికారిణిగా తానే అందుకుని, ముద్ర వేసి, రసీదు కూడా తానే పుచ్చుకున్నారు.

ఇంతలో రికార్డు విభాగం నుంచి పెద్దాయన వచ్చాడు. ఆయనకు చూపు మందం. అక్షరాలను మూడింతలు పెంచితే తప్ప చదవలేడు. అంత పెంచితే వరుస తెరలో పట్టక, విరిగి కిందికి దిగుతుంది. అలా దిగిన బాణం గుర్తు చుక్కలకు అవతలి చివరకు చేరి, వచ్చిన దారినే చూపిస్తోంది.

"నాయనా, పటం బాగుంది కానీ, నిప్పు ఎటుంటే అటే వెళ్ళమంటున్నట్టుందే" అన్నాడు ఆయన.

టెంపరరీకి ఏం పాలుపోలేదు. ఫిర్యాదు ఫైలుకెక్కితే తన ఫైలు టీ కప్పు కిందే మగ్గిపోతుందన్న భయంతో, మేడమ్‌గారి కంప్యూటరు ముందే కూర్చుని ఖాళీలు తీసి, ఖాళీలు పెట్టి, గోడను మళ్ళీ నిలబెట్టాడు. గంటన్నర పట్టింది. "సవరించిన పటం" అని అందరికీ పంపి, ఊపిరి పీల్చుకుని, కిటికీ పక్కకు వచ్చి తన తెర చూసుకున్నాడు. ఈసారి అతని తెర మీద భవనం మొత్తం కూలి ఉంది. డైరెక్టరుగారి గది నడవాలో అడ్డంగా పడుకుంది.

"సార్, నా దాంట్లోనూ కూలిపోయింది!" అంటూ సూపరింటెండెంటుగారి దగ్గరికి పరిగెత్తాడు.

"నిన్న బాగుందన్నావు కదయ్యా?"

"నిన్న బాగుంది సార్. ఇవాళ బాగుచేశాక కూలింది."

"అయితే బాగుచెయ్యకు. మొదటిదే ఖాయం" అని ఆయన మొదటి పటాన్నే మళ్ళీ మూడు విభాగాలకూ పంపి, రేపు పొద్దున అందరూ తమ పటాన్ని స్కేలుతో కొలుచుకుని సమావేశానికి రావాలని ఆదేశించారు.

బుధవారం సమావేశంలో ఆ కొలతలు బయటపడ్డాయి. హాలు గుమ్మం నుంచి కుడివైపు మలుపు దాకా, సూపరింటెండెంటుగారి సన్నటి అక్షరాల పటంలో మూడు సెంటీమీటర్లు, అంటే పన్నెండు అంగలు. టైపు విభాగంలో అతికించింది కూడా అదే. మేడమ్‌గారి లావు అక్షరాల్లో ఏడున్నర సెంటీమీటర్లు, ముప్పై అంగలు. టెంపరరీ దాంట్లో ఐదు, ఇరవై అంగలు. పెద్దాయన దాంట్లో మలుపే లేదు, వెనక్కి బాణం ఒక్కటే ఉంది. ఊళ్ళో ఏ కొట్టువాడైనా ఒక సరుకును మూడు రకాలుగా తూస్తే వాడి తక్కెడ జప్తుచేసి పట్టుకొచ్చే ఆఫీసు అది. అలాంటి చోట ఒకే పటానికి మూడు కొలతలు!

"సరాసరి తీసేద్దామా?" అన్నాడు పెద్దాయన.

"ఇరవై అంగలూ, ఇంకో అంగలో మూడింట రెండు వంతులూ వస్తాయి. ఆ మూడింట రెండు వంతులు ఎలా వెయ్యాలి, ఒంటికాలి మీదా?" అన్నారు మేడమ్‌గారు.

"నేను చెప్తా" అన్నారు సూపరింటెండెంటుగారు, గొంతు సవరించుకుని. "పటం ఒకటే. పంపింది నేను. కొలతలు మూడొచ్చాయి. అంటే తప్పెక్కడుంది? స్కేళ్ళలో!"

అందరి మొహాలూ విప్పారాయి. అవును కదా, ఇంత చిన్న విషయం తట్టలేదే అనుకున్నారు. మరి ముప్పై ఏళ్ళుగా వాళ్ళు చూసిన మోసాలన్నీ స్కేళ్ళలోనూ తూకపురాళ్ళలోనూ జరిగినవే. అక్షరాలు మోసం చేయగలవని వాళ్ళకెవరు చెప్పారు? అప్పటికప్పుడు ఆఫీసులోని స్కేళ్ళన్నిటినీ సంచిలో వేసి, లక్కముద్ర కొట్టి, పరీక్షకు పంపించారు.

గురువారం సాయంత్రం స్కేళ్ళు తిరిగొచ్చాయి. ఒక్కోదానికి ఒక్కో ధ్రువపత్రం. వెంట్రుకవాసి తేడా లేదు.

"స్కేళ్ళన్నీ సరైనవే" అని సూపరింటెండెంటుగారు ప్రకటించారు. "కాబట్టి అందరి కొలతలూ సరైనవే. ఎవరి పటం ప్రకారం వాళ్ళు నడవండి."

"సార్, అలా ఎలా..." అని టెంపరరీ నీళ్ళు నమిలాడు.

"ఏం, ధ్రువపత్రాన్ని కాదంటావా?"

పర్మనెంటు అయినవాడెవడైనా ఉంటే కాదనేవాడేమో. టెంపరరీ నోరు మూసుకున్నాడు.

ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. జరిగిందంతా భార్యకు చెప్పాడు. ఆవిడ డిగ్రీ చదివింది, టైపు నేర్చింది, ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. మొత్తం విని ఒకటే ప్రశ్న వేసింది.

"మీరు ఆ దారిలో ఒక్కసారైనా నడిచి చూశారా?"

"నడవడమెందుకు? ప్లానుంది కదా."

"ప్లానులో మీరు నడవరు కదండీ."

"నన్ను నమ్మేవాళ్ళు ఆఫీసులో లేరు, ఇంట్లోనూ లేరు" అని అతను మొహం మాడ్చుకుని మంచమెక్కాడు. ఆ రాత్రి అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. ఆరేళ్ళు. ఒక్క సంతకం. అది కాస్తా కూలిన గోడ పాలయ్యేట్టుంది.

శుక్రవారం సరిగ్గా పదకొండింటికి సైరను మోగింది. ఇన్‌స్పెక్టరు గేటు దగ్గర చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన బక్కపల్చటి మనిషి, నవ్వడం మానేసి చాలాకాలమైనట్టున్నాడు. ఆఫీసులో డైరెక్టరుగారితో కలిపి అరవైముగ్గురని ముందే రాసుకున్నాడు.

లోపల అరవైరెండు మంది లేచారు. అరవైమూడో మనిషి డైరెక్టరుగారు, తన గదిలో కుర్చీ వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. తానే జారీచేసిన సర్క్యులరు తనకు కూడా వర్తిస్తుందని ఆయనకు తట్టలేదు.

"అందరూ నా వెనకాల రండి!" అని టెంపరరీ అరిచాడు. ఒక్కరూ కదల్లేదు. మెమో ఎవడికి కావాలి? సూపరింటెండెంటుగారి వెనక టైపు విభాగం బారు తీరింది, అందరూ పైకే లెక్కపెడుతూ నడిచారు. "పది, పదకొండు, పన్నెండు, కుడివైపు!" కుడివైపు ఉన్నది డైరెక్టరుగారి గది. సూపరింటెండెంటుగారు ఒక్క క్షణం తటపటాయించి, పటం చూసుకుని, తలుపు తోసేశారు.

డైరెక్టరుగారు ఉలిక్కిపడి లేచారు. "ఏంటిది? ఎక్కడికి?"

"బయటికి సార్. మీ సర్క్యులరే."

ఆ గదికి అవతలివైపు ఒక తలుపుంది, డైరెక్టరుగారు కారు దిగి తిన్నగా లోపలికి రావడానికి. ఇరవైరెండు మంది వరసగా కార్పెట్టు తొక్కుకుంటూ ఆ తలుపులోంచి తోటలోకి వెళ్ళిపోయారు. ఏం జరుగుతోందో అర్థంకాక డైరెక్టరుగారు కూడా వాళ్ళ వెనకాలే నడిచారు.

మేడమ్‌గారి బృందం పంతొమ్మిది మంది. ముప్పై అంగలు వేసి కుడివైపు తిరిగితే టీ గది తగిలింది. పటంలో చుక్కలు గోడలోంచి పోతున్నాయి. గోడలో ఉన్నది కిటికీ, నడుమెత్తు కూడా లేదు. మేడమ్‌గారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, "ఈ ఫిర్యాదు కూడా రాస్తాను, చూస్తూ ఉండండి" అంటూ కిటికీ దాటారు. తక్కినవాళ్ళూ దాటారు. పెద్దాయన తన ఇరవై మందినీ వెనక్కి తిప్పి, రోజూ వచ్చే ముందు తలుపులోంచే తీరిగ్గా బయటికి తీసుకుపోయాడు.

టెంపరరీ ఒక్కడే ఇరవై అంగలు వేశాడు. కుడివైపు తిరిగాడు. సందులో ఏడంగలు వేశాడు. ఎనిమిదో అంగ వేయడానికి చోటు లేదు. ఎదురుగా వెనక తలుపును పూర్తిగా కప్పేస్తూ నిలువెత్తు ఇనుము. జప్తుచేసిన తక్కెళ్ళు, దొంగ తూకపురాళ్ళు, ఒక లారీడు. ఎవరూ నడవని చోటు కదా అని సూపరింటెండెంటుగారు ముందురోజు అక్కడ దింపించారు. టెంపరరీ ఒక్క క్షణం నోరు వెళ్ళబెట్టి, దాని మీదికి ఎక్కబోయాడు. అది కాస్తా జారింది. రాళ్ళు దొర్లి వెనక దారి కూడా మూసుకుపోయింది, ఎడమ కాలు ఒక తక్కెడ పళ్ళెం గొలుసుల్లో ఇరుక్కుంది. అతను ఎంత గుంజితే అవతలి పళ్ళెం అంత పైకి లేచింది.

గేటు దగ్గర ఇన్‌స్పెక్టరు మూడు నిమిషాల నలభై సెకన్లకు వాచీ నొక్కాడు. అరవైరెండు మంది. మొదటిసారి ఆయన మొహంలో ఏదో కదిలింది.

"ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ప్రతి ఆఫీసులోనూ అందరూ ఒకే తలుపు దగ్గర తోసుకుని, తొక్కుకుంటారు. మనుషుల్ని మూడు దారుల్లో పంచిన ఆఫీసు ఇదొక్కటే. ఎవరి ఆలోచన ఇది?"

ఆయన వాళ్ళ చేతుల్లోని మూడు పటాలూ తీసుకుని పక్కపక్కనే పెట్టుకున్నాడు. పది సెకన్లు చూశాడు. "రాత ఒకటే. ఫాంటు మార్చి దారులు మార్చారు. ఒకదాంట్లో సన్న అక్షరాలు, ఒకదాంట్లో లావువి, ఒకదాంట్లో పెద్దవి. భలే!"

కొలతల ఆఫీసు మొత్తం ముక్కున వేలేసుకుంది. అందరూ ఒకసారి సూపరింటెండెంటుగారి వంక, ఒకసారి పటాల వంక చూశారు. ముందుగా తేరుకున్నది సూపరింటెండెంటుగారే.

"ఫాంటు మార్చింది నేనేనండి" అన్నారు వినయంగా.

"పటం కట్టింది?"

"మా టెంపరరీ. ఇక్కడే ఎక్కడో ఉండాలి."

ఎనిమిది నిమిషాలకు టెంపరరీ ఎలాగో రాళ్ళు తోసుకుని, గొలుసు తెంపుకుని, కుంటుకుంటూ, ఒక కాలికి పళ్ళెం ఈడ్చుకుంటూ వచ్చాడు. ఇన్‌స్పెక్టరు అతనితో కరచాలనం చేసి, కలం తీసి, "మృతులు: ఒకరు" అని రాసుకున్నాడు.

"సార్, నేను ఇక్కడే ఉన్నాను!"

"ఇప్పుడున్నారు. ఆరు నిమిషాలప్పుడు లేరు. ఆరు దాటి లోపలున్నవాళ్ళు కాలిపోయినట్టే లెక్క. అయినా అరవైముగ్గురిలో ఒక్కడంటే చాలా మంచి ఫలితమండీ, మీరు గర్వపడాలి."

"ఇది ఉత్తుత్తిదని రాయండి సార్."

"ఉత్తుత్తి వాటికి వేరే ఫారం లేదు. అన్నిటికీ ఇదే" అని ఆయన వివరాల గడిలో అతని అసలు పేరు అడిగి మరీ రాసుకుని వెళ్ళిపోయాడు. డైరెక్టరుగారు టెంపరరీ భుజం తట్టి, "సంతకం ఖాయమయ్యా" అన్నారు. టెంపరరీ ఇల్లు చేరేసరికి అతని కాలు వాచి ఉంది, అయినా నవ్వు ఆగలేదు.

తొమ్మిది రోజుల తర్వాత ప్రధాన కార్యాలయం నుంచి ఇంటికి రెండు కవర్లు వచ్చాయి. రెండూ అతని భార్య పేరుతోనే. ఆవిడ మొదటిది చింపి, ఎదురుగా కూర్చుని ఉన్న మొగుడికి పైకి చదివి వినిపించింది.

"'విధి నిర్వహణలో అగ్నిప్రమాదానికి బలైన మీ భర్త మృతికి చింతిస్తున్నాము. తాను వేసిన దారిని చివరి క్షణం వరకు నమ్ముకున్న ఏకైక ఉద్యోగి అని నివేదికలో చదివి మా కళ్ళు చెమర్చాయి.'"

"అదేంటి?" అన్నాడు టెంపరరీ, కాఫీ కప్పు కింద పెట్టేసి.

"ఉండండి, రెండోది చదవనివ్వండి" అని ఆవిడ రెండోది చింపింది. విధుల్లో ఉండగా చనిపోయినవారి భార్యకు, తాత్కాలిక ఉద్యోగి భార్యకైనా సరే, ఉద్యోగం ఇవ్వాలని నిబంధన ఉందట. ఆ ప్రకారం ఆవిడను అదే ఆఫీసులో గుమాస్తాగా నియమించారు. కింద గుండ్రటి ముద్ర, పక్కన "శాశ్వతం" అన్న మాట. టెంపరరీ ఆ కాగితం లాక్కుని ఆ ఒక్క మాటనే పదిసార్లు చదివాడు. ఆరేళ్ళుగా ఏ మాట కోసం ఎదురుచూశాడో అదే మాట. పేరు మాత్రం అతనిది కాదు.

ఇద్దరూ ఆటో ఎక్కి ఆఫీసుకు పరిగెత్తారు. డైరెక్టరుగారు పాపం సంతకం పెట్టే పంపారట. దరఖాస్తుదారు మరణించినందున మూసివేయడమైనదని ఫైలు తిరిగొచ్చింది.

"బతికున్నావని రుజువు చేసుకోవడం పెద్ద కష్టమేం కాదయ్యా" అన్నారు సూపరింటెండెంటుగారు. "రెండేళ్ళు పడుతుంది, అంతే. అయితే నువ్వు బతికితే మీ ఆవిడ ఉద్యోగం పోతుంది. నీ ఆరేళ్ళ సర్వీసు ఎలాగూ పోయింది, అది నీతోపాటే కాలిపోయినట్టు రాశారు. మళ్ళీ మొదటి రోజు నుంచీ టెంపరరీవి."

టెంపరరీ బిక్కమొహం వేసుకుని భార్య వంక చూశాడు. "నువ్వేమంటావు?"

"మీరు బతికున్న సంగతి నాకు తెలుసు కదండీ. ఆఫీసుకు తెలియకపోతే కొంపలేం మునగవు."

"కానీ ఆరేళ్ళు తిరిగింది నేను."

"తిరిగారు. నాకు తెలుసు. ప్రతి సాయంత్రం మీ మొహం చూసిందెవరు, నేను కాదా?" అంది ఆవిడ. "ఆ ఉద్యోగం మనింటికి రావాలి. వచ్చింది. ఏ గుమ్మంలోంచి వచ్చిందో కొలుస్తూ కూర్చుంటారా?"

అతను జేబులోంచి కలం తీసి, ఆవిడ సంతకం పెట్టడానికి ఇచ్చాడు. అతనికి నిజంగానే సంతోషంగా ఉంది, సంతోషంలోనే ఎక్కడో కడుపు మండుతూ కూడా ఉంది. ఆ రెండింటిలో ఏది ఎంతో కొలిచే సాధనం ఆ ఆఫీసులో కూడా లేదు.

సోమవారం ఆవిడ చేరింది. చేరిన రోజే సొంత కుర్చీ ఇచ్చారు, చేతులున్నది. వారం తిరక్కుండా నియామకాల పని కూడా ఆవిడకే అప్పగించారు. పాత టెంపరరీ పోయాడు కాబట్టి కొత్త టెంపరరీ కావాలి. దరఖాస్తు ఒకటే వచ్చింది. దరఖాస్తుదారు బతికున్నాడా లేదా అని అడిగే గడి ఆ ఫారంలో లేదు కనుక నిబంధనల ప్రకారం అడ్డేమీ లేదు. ఆవిడ దాన్ని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివి, కలం తీసి అంచున రాసింది: "ఆరు నెలలకు తీసుకోవచ్చు, పనితీరు బాగుంటే పొడిగించవచ్చు."